గేదె చేపు నుంచి ముక్కు స్ప్రే దాకా: ఆక్సిటోసిన్ అసలు కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక మెసేజ్‌తో మొదలుపెడతాను. పంపిన తమ్ముడు పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. శ్రీకాకుళం వైపు పల్లెటూరి నుంచి వచ్చి, గాజువాక దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఏం రాశాడంటే:

"అన్నా, మెస్‌లో అందరి మధ్యా కూర్చుని తినలేకపోతున్నాను. ప్లేటు పట్టుకుని నడుస్తుంటే అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. వైవాలో ఆన్సర్ తెలిసినా గొంతు పెగలదు. ఆక్సిటోసిన్ అని లవ్ హార్మోన్ ఉందంట, ముక్కులో స్ప్రే కొట్టుకుంటే భయం పోయి అందరితో కలిసిపోతామంట, రీల్‌లో చూశాను. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. కొననా?"

తమ్ముడూ, ఆన్సర్ ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అలా చెప్తే రేపు ఇంకో రీల్ చూసి మళ్ళీ అడుగుతావ్. అందుకే ఈ హార్మోన్ చరిత్ర మొత్తం చెప్తాను. ఇందులో మన విశాఖ ఉంది, రంగూన్ ఉంది, స్టీల్ ప్లాంట్ ఉంది, ఒక గేదె కూడా ఉంది. ఆఖర్లో నీ ప్రశ్న దగ్గరికే వద్దాం.

ముందు గేదె

మన వైజాగ్‌లో ఆక్సిటోసిన్ గురించి ఎవరిని అడిగితే తెలుస్తుంది? వన్ టౌన్‌లో ఘోషా ఆసుపత్రి ఉంది కదా, అక్కడ కాన్పుల వార్డులో పనిచేసే నర్సమ్మని అడగండి. నొప్పులు సరిగ్గా రాకపోతే సెలైన్‌లో కలిపి ఎక్కించే మందు అంటారు, కాన్పు అయ్యాక రక్తం ఆగడానికి ఇచ్చే ఇంజెక్షన్ అంటారు. పాల వ్యాపారం తెలిసినవాళ్ళని అడగండి, కొంచెం గొంతు తగ్గించి, "గేదెకి వేసే ఇంజెక్షను" అంటారు. రీల్స్ చూసే కుర్రాళ్ళని అడిగితే "లవ్ హార్మోన్ బ్రో" అంటారు.

ముగ్గురూ చెప్పేది ఒకే అణువు గురించే. కాన్పు, పాలు, ప్రేమ. ఒకే మందు ఈ మూడు చోట్లకీ ఎలా వచ్చింది?

దీనికి మన తెలుగులో ఒక మాట ఎప్పటి నుంచో ఉంది: చేపు. సిటీలో పుట్టినవాళ్ళు మీ అమ్మమ్మని అడగండి. దూడని వదలగానే, అది పొదుగుని నాలుగు పోట్లు పొడవగానే, తల్లి గేదె పొదుగులోకి పాలు జారతాయి. దాన్నే చేపడం అంటారు. దూడ లేకపోతే చేపదు. అలవాటైన మనిషి కాకుండా కొత్త మనిషి వచ్చి కూర్చుంటే చేపదు. పక్కన కుక్క మొరిగినా చేపదు. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టేవాళ్ళు, ఆ వాసనకైనా చేపుతుందని.

ఒక్కసారి ఆలోచించండి. మన రైతులకి ప్రయోగశాల లేదు. కానీ రెండు సంగతులు స్పష్టంగా తెలుసు. ఒకటి, పాలు రావాలంటే బంధం కావాలి. రెండు, కొత్త ముఖం కనిపిస్తే, భయం పుడితే, అదే పాలు ఆగిపోతాయి. ఈరోజు మన టాపిక్ అంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

పిల్లి, మేక, కాగితం సంచి

ఇప్పుడు లండన్ వెళ్దాం. 1906లో హెన్రీ డేల్ అనే శాస్త్రవేత్త ఇంకేదో పరిశోధన చేస్తూ, ఎద్దు మెదడు కింద వేలాడే పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన రసాన్ని చూడి పిల్లికి ఇచ్చి చూశాడు. గర్భసంచి గట్టిగా ముడుచుకుంది. మూడేళ్ళలో, 1909లో, లివర్‌పూల్‌లో బ్లెయిర్ బెల్ అనే డాక్టర్ ఆ రసాన్ని కాన్పుల్లో వాడటం గురించి రాశాడు. 1910లో ఆట్, స్కాట్ అనే ఇద్దరు ఇదే రసం మేకలో పాలు కూడా జారేలా చేస్తుందని చూపించారు. ఆక్సిటోసిన్ అనే పేరుకి గ్రీకులో "త్వరగా కాన్పు" అని అర్థం. అంటే పేరు పెట్టినప్పుడు ప్రేమ, స్నేహం లాంటి ఊసే లేదు.

1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు ఒక తమాషా ప్రయోగం చేశారు. పాలు పితికే టైమ్‌లో ఆవు పక్కన కాగితం సంచులు ఊది పేల్చారు. ఆవు బెదిరింది, పాలు రాలేదు. భయపడినప్పుడు ఒంట్లో పుట్టే అడ్రినలిన్ ఈ హార్మోన్ పనికి అడ్డుపడుతుందని వాళ్ళు తేల్చారు. మన అమ్మమ్మ చెప్పిందే, కాకపోతే వీళ్ళు కొలిచి చెప్పారు.

1953లో న్యూయార్క్‌లో విన్సెంట్ డు విన్యో ఈ అణువు నిర్మాణం పూర్తిగా తేల్చి, ల్యాబ్‌లో తయారు చేసేశాడు. కేవలం 9 అమైనో ఆమ్లాలు కలిపిన చిన్న గొలుసు అది. ఒక పెప్టైడ్ హార్మోన్‌ని మనిషి చేత్తో తయారు చేయడం అదే మొదటిసారి. 1955లో ఆయనకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఇక అక్కడి నుంచి ఎద్దుల గ్రంథులతో పని లేదు, ఫ్యాక్టరీలో తయారవుతుంది, చవకగా దొరుకుతుంది.

చవకగా దొరికిన మందు మన దేశంలో ఎక్కడికి వెళ్ళిందో తెలుసు కదా? ఆసుపత్రికీ వెళ్ళింది, పాకలోకీ వెళ్ళింది. దూడని బతికించుకునే ఖర్చు ఎందుకు, ఇంజెక్షన్ వేస్తే చేపుతుంది కదా అనుకున్నారు. ఇలాంటి అడ్డదారి కొత్తది కూడా కాదు. ఇంజెక్షన్ రాకముందు కలకత్తా లాంటి నగరాల్లో ఫూకా అని ఒకటి ఉండేది. ఆవు వెనక భాగంలోకి గాలి ఊది బలవంతంగా పాలు జారేలా చేసేవాళ్ళు. పాల మీద విరక్తి పుట్టడానికి ఈ ఫూకా కూడా ఒక కారణమని గాంధీ గారు ఆత్మకథలో రాసుకున్నారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో ఫూకానీ, పాల కోసం పశువు ఆరోగ్యం పాడయ్యేలా వేసే ఇంజెక్షన్లనీ కలిపి ఒకే సెక్షన్‌లో నిషేధించారు.

మరి ఆ పాలు తాగితే మనకేమైనా అవుతుందా? ఆడపిల్లలు తొందరగా పెద్దమనిషి అవుతారని వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. దీన్ని మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. 2014లో ఫలితం వచ్చింది. ఇంజెక్షన్ వేసినా వేయకపోయినా పాలల్లో ఆక్సిటోసిన్ మోతాదు మారలేదు. పైగా పాలల్లో ఉన్న కాస్తా మన పేగుల్లో అరిగిపోతుంది. కాబట్టి దెబ్బ తినేది పాలు తాగే మనం కాదు, రోజూ సూది పడే గేదె.

2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఈ దుర్వినియోగం ఆపాలని, ప్రైవేటు కంపెనీలు ఆక్సిటోసిన్ తయారు చేయకూడదని, ఒక్క ప్రభుత్వ సంస్థే చేయాలని ఉత్తర్వు ఇచ్చింది. వినడానికి బాగుంది. కానీ కాన్పు అయ్యాక రక్తస్రావంతో తల్లులు చనిపోకుండా కాపాడే ముఖ్యమైన మందు ఇదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ఒక్కచోటే తయారై, ఏ కారణంతోనైనా సరఫరా ఆగితే? కేసు ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. అదే ఏడాది డిసెంబర్‌లో కోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది.

లవ్ హార్మోన్ అని పేరెలా వచ్చింది

ఇప్పటిదాకా గర్భసంచి, పొదుగు. మెదడులోకి ఎప్పుడు వచ్చింది? నిజానికి ఈ హార్మోన్ పుట్టేదే మెదడులో, హైపోథాలమస్ అనే చిన్న భాగంలో. 1979లో పెడర్సన్, ప్రాంజ్ అనే అమెరికన్ పరిశోధకులు ఇంకా పిల్లల్ని కనని ఆడ ఎలుకల మెదడులోకి ఆక్సిటోసిన్ పంపించారు. వాటిలో చాలా ఎలుకలు వేరే ఎలుక పిల్లల్ని నోటితో తెచ్చుకుని, నాకి, సొంత పిల్లల్లా చూసుకోవడం మొదలుపెట్టాయి. మామూలుగా అలాంటి ఎలుకలు పిల్లల్ని పట్టించుకోవు, ఒక్కోసారి కరుస్తాయి కూడా.

తర్వాత ప్రెయిరీ వోల్ అనే చుంచెలుక లాంటి జంతువు వచ్చింది. ఇది జోడీ కడితే మామూలుగా దాంతోనే ఉంటుంది. దీనికి చుట్టమే అయిన కొండ వోల్ అలా ఉండదు. సూ కార్టర్, థామస్ ఇన్సెల్ లాంటివాళ్ళు ఈ తేడా ఎక్కడుందని వెతికితే, ఆక్సిటోసిన్‌ని అందుకునే రిసెప్టర్లు రెండిటి మెదళ్ళలో వేర్వేరు చోట్ల ఉన్నాయని 1992కల్లా తేలింది. పేపర్లవాళ్ళకి ఇంకేం కావాలి? ప్రేమ రసాయనం దొరికిందన్నారు.

2005లో స్విట్జర్లాండ్‌లో ఒక ప్రయోగం జరిగింది. కుర్రాళ్ళతో డబ్బు ఆట ఆడించారు. ముఖం కూడా తెలియని మనిషిని నమ్మి నీ డబ్బు ఎంత ఇస్తావ్? ముక్కులో ఆక్సిటోసిన్ స్ప్రే కొట్టిన 29 మందిలో 13 మంది మొత్తం ఇచ్చేశారు. ఉత్తుత్తి స్ప్రే కొట్టిన 29 మందిలో 6 మందే ఇచ్చారు. నేచర్ పత్రికలో వచ్చింది. అదే ఏడాది ఇంకో ప్రయోగంలో, భయపెట్టే ముఖాలు చూసినప్పుడు మెదడులో భయాన్ని గుర్తించే అమిగ్డలా అనే భాగం ఈ స్ప్రేతో తక్కువ స్పందించిందని వచ్చింది. నమ్మకం పెరుగుతుంది, భయం తగ్గుతుంది. తమ్ముడూ, నువ్వు చూసిన రీల్ తాతముత్తాతలు ఇవే.

మనం, మేము

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన తీరానికి వద్దాం. ఇంగ్లీషులో "వీ" అని ఒకటే మాట. మనకి రెండున్నాయి. "మనం" అంటే నువ్వూ అందులో ఉన్నావు. "మేము" అంటే నువ్వు బయట ఉన్నావు. బంధం అనగానే మనం "మనం" గురించే ఆలోచిస్తాం. ప్రతి "మేము" వెనకా కూడా బంధమే ఉంటుంది.

మన విశాఖ హార్బర్ 1933లో మొదలైంది. దానికి ముందు నుంచే విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, కాకినాడ తీరాల్లో స్టీమర్లు ఆగేవి. వేలమంది తెలుగువాళ్ళు అవి ఎక్కి రంగూన్ వెళ్ళారు. ఓడల్లో సరుకు ఎక్కించడం, దించడం, ధాన్యం మిల్లుల్లో పని. మేస్త్రీ చేతి కింద, ఒకే ప్రాంతం వాళ్ళు ఒకే బ్యారక్‌లో ఇరుక్కుని ఉండేవాళ్ళు. భాష రాని ఊళ్ళో వాళ్ళని నిలబెట్టింది ఆ బంధమే.

1930 మేలో ఆ తెలుగు డాక్ కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీల్ని తెచ్చి పనిలో పెట్టుకున్నాయి. మే 26న సమ్మె తెగింది. తెలుగువాళ్ళు పనిలోకి వచ్చారు, బర్మా వాళ్ళని ఇంటికి పొమ్మన్నారు. రెండు ఆకలి కడుపులు రేవు మీద ఎదురుపడ్డాయి. గొడవ ఊరంతా పాకింది, వందమందికి పైగా చనిపోయారు, చాలావరకు తెలుగు కూలీలే. అటూ ఇటూ తమవాళ్ళ కోసం ప్రాణమిచ్చే మనుషులే. బంధం లేక కాదు అది జరిగింది.

ఇంకో తేదీ: 1966 నవంబర్ 1. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" ఉద్యమంలో విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఉద్యమం మొత్తంలో 32 మంది ప్రాణాలు పోయాయని చెప్పుకుంటాం. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు "మన ఫ్యాక్టరీ" అని రోడ్డెక్కారు. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. అదే సమయంలో ఆ ఫ్యాక్టరీ కోసం పదుల సంఖ్యలో ఊళ్ళు లేచిపోయాయి. నిర్వాసితుల పిల్లలు ఆర్-కార్డులు పట్టుకుని ఉద్యోగం కోసం దశాబ్దాలు తిరిగారు. వాళ్ళు మన "మనం"లో ఉన్నారా, లేరా?

జాగ్రత్త, నేను రంగూన్ గొడవ ఆక్సిటోసిన్ వల్ల జరిగిందని చెప్పట్లేదు. ఆ రోజు ఎవరి రక్తమూ ఎవరూ పరీక్షించలేదు. గొడవకి కారణం కూలి, కంపెనీల లెక్క. చరిత్రని తీసుకెళ్ళి హార్మోన్‌కి కట్టేయకూడదు. నేను చెప్పేది వేరు. బంధం అంటే అంతా మంచే అని అనుకుంటే, బంధం హార్మోన్ అన్నీ బాగు చేస్తుందని కూడా నమ్మేస్తాం. మన తీరం చరిత్ర చదివినవాడికి ఆ మొదటి మాట మీదే డౌట్ రావాలి.

ల్యాబ్‌లో కూడా ఆ డౌట్ వచ్చింది. 2010లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డె డ్రూ బృందం చేసిన ప్రయోగాల్లో, స్ప్రే కొట్టుకున్నవాళ్ళు తమ గుంపు పట్ల ఎక్కువ ఉదారంగా ఉన్నారు. బయటివాళ్ళు ముప్పు అనిపించినప్పుడు వాళ్ళకి సాయపడకుండా ముందే కాచుకున్నారు. అంతకు ఏడాది ముందు ఇజ్రాయెల్‌లో చేసిన ప్రయోగంలో, ఆటలో అవతలివాడికి ఎక్కువ వస్తే ఏడుపు, తక్కువ వస్తే సంబరం, రెండూ స్ప్రేతో పెరిగాయి. ప్రేమ హార్మోన్ అసూయ కూడా పెంచింది!

2020లో బెల్జియం పరిశోధకులు ఆ పాత నమ్మకం ఆటని ఈసారి 677 మందితో, ఎలా చేస్తామో ముందే రాసిపెట్టి మరీ మళ్ళీ ఆడించారు. స్ప్రేతో నమ్మకం పెరిగిన దాఖలా మొత్తం మీద కనబడలేదు. 2021లో ఆటిజం ఉన్న 290 మంది పిల్లలు, టీనేజర్ల మీద పెద్ద పరీక్ష జరిగింది. నెలల తరబడి స్ప్రే ఇచ్చినా, నలుగురితో కలవడంలో ఉత్తుత్తి స్ప్రే కంటే మెరుగైన ఫలితం రాలేదు. 2023లో ఇంకో షాక్. జన్యు మార్పుతో ఆక్సిటోసిన్ రిసెప్టర్ లేకుండా పుట్టించిన ప్రెయిరీ వోల్స్ కూడా చక్కగా జోడీ కట్టాయి. అంటే బంధానికి ఇదొక్కటే దారి కాదు.

భయానికీ ఇదే హార్మోనా?

తమ్ముడూ, ఇప్పుడు నీ సంగతి. కాలిఫోర్నియాలో బ్రయన్ ట్రెయినర్ బృందం ఒక జాతి ఎలుకల మీద పనిచేసింది. వేరే ఎలుక చేతిలో దెబ్బ తిన్న ఆడ ఎలుక, ఆ తర్వాత కొత్త ఎలుక కనిపిస్తే దగ్గరికి వెళ్ళదు. దూరం నుంచే కన్నార్పకుండా చూస్తుంది. మెస్ తలుపు దగ్గర నిలబడి లోపల ఎవరున్నారో చూస్తావే, అలాగన్నమాట. ఆ ఎలుకల మెదడులో ఒక చోట ఆక్సిటోసిన్ తయారీని తగ్గిస్తే, ఆ బెదురు తగ్గింది. తగ్గిస్తే తగ్గింది, గమనించండి! ఆ చోట ఆక్సిటోసిన్ భయాన్ని మోస్తోంది.

మరి ఇది ప్రేమ హార్మోనా, భయం హార్మోనా? చాలామంది పరిశోధకులు ఇప్పుడు చెప్పే మాట ఏంటంటే, ఇది ఎదుటి మనుషుల మీద ధ్యాస పెంచుతుంది. రేడియోలో వాల్యూమ్ బటన్ లాంటిది. వచ్చేది పాటా, తిట్లా అన్నది స్టేషన్ మీద ఆధారపడి ఉంటుంది. ఎదుటివాళ్ళు నావాళ్ళు అనిపిస్తే దగ్గరితనం పెరగొచ్చు. నన్ను చూసి నవ్వుతున్నారు అనిపిస్తే, ఆ నవ్వే ఇంకా పెద్దగా వినిపించొచ్చు.

సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్ళ మీద కూడా పరీక్షించారు. 2009లో ఆస్ట్రేలియాలో 25 మందికి, భయపడే పనిని కొద్దికొద్దిగా చేయించే థెరపీతో పాటు ఈ స్ప్రే ఇచ్చారు. ఉపన్యాసం ఇచ్చాక తమ గురించి తాము కాస్త మెరుగ్గా అనుకున్నారు. కానీ అసలు జబ్బు లక్షణాల్లో, ఉత్తుత్తి స్ప్రే వాళ్ళకంటే అదనపు లాభం రాలేదు. ఇప్పుడు ఒకటి గమనించు. రెండు గుంపులూ థెరపీతో మెరుగయ్యాయి. పనిచేసింది సీసా కాదు, సాధన.

కాబట్టి కొనొద్దు. సోషల్ యాంగ్జైటీకి అది ఆమోదం పొందిన వైద్యం కాదు. ఆన్‌లైన్ సీసాలో ఏముందో, ఎంతుందో నీకు తెలీదు.

మరి ఏం చేయాలి? ముందు ఒకటి తెలుసుకో. నీకున్నది పిరికితనం కాదు, పల్లెటూరితనం కాదు. ఇది సాధారణంగా నీ వయసుకి ముందే, టీనేజ్‌లోనే మొదలయ్యే సమస్య, దీనికి వైద్యం ఉంది. సీబీటీ అనే మాటల చికిత్స ఉంది, అవసరమైతే డాక్టర్ రాసే మందులూ ఉన్నాయి. కేజీహెచ్‌లో సైకియాట్రీ విభాగం ఉంది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాన్ని "పిచ్చాసుపత్రి" అని జోకులేసి మనమే అక్కడికి వెళ్ళేదారి మూసేశాం, తప్పు మనది. వెళ్ళడానికి ఇబ్బందిగా ఉంటే 14416 టెలి మానస్‌కి ఫోన్ చెయ్యి. ఉచితం, రాత్రైనా పగలైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈలోపు చిన్నగా మొదలుపెట్టు. మెస్ ఖాళీగా ఉండే టైమ్‌కి వెళ్ళి కూర్చో. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లోకి దూరిపోకు. అది ఆ పూటకి కాపాడుతుంది గానీ, భయాన్ని అలాగే ఉంచేస్తుంది. గుండె దడ మొదలవగానే లేచి వచ్చేయకు, కాసేపు ఉండు, దానంతట అదే దిగుతుంది. వారం తర్వాత కొంచెం రద్దీ టైమ్‌కి వెళ్ళు. ఎదురుగా ఉన్నవాడిని "పప్పు గిన్నె ఇటు ఇవ్వవా" అని అడుగు, చాలు.

హాస్టల్స్‌లో ఉన్న మిగతావాళ్ళకి కూడా ఒక మాట. మీ మెస్‌లో ఒక మూల ఒంటరిగా తినేవాడు ఉంటాడు. వాడిది పొగరు అనుకుంటారు, కాకపోవచ్చు. "ఏ ఊరు తమ్ముడూ మీది?" అని అడగండి. మాండలికాన్ని మాత్రం వెక్కిరించకండి. మీకు అది ఒక జోకు, వాడికి అది ఆవు పక్కన పేలిన కాగితం సంచి.

కొత్త మనిషికి గేదె చేపదు అన్నాను కదా. మరి కొత్తగా కొన్న గేదెతో మన పెద్దవాళ్ళు ఏం చేసేవాళ్ళు? రోజూ అదే టైమ్‌కి, అదే మనిషి వెళ్ళి, కాస్త మేత వేసి, వీపు నిమిరి, అదే గొంతుతో పిలిచేవాళ్ళు. మొదటి రోజు చుక్క రాదు. కొన్నాళ్ళకి ఆ గొంతు వినగానే చేపేది. అదే హార్మోన్, లోపలి నుంచే వచ్చింది.

తమ్ముడూ, నెల తర్వాత మళ్ళీ మెసేజ్ పెట్టు, ఎలా ఉందో చెప్పు. మీ ఇంట్లో పెద్దవాళ్ళలో రంగూన్ వెళ్ళొచ్చినవాళ్ళ కథలు ఎవరికైనా గుర్తుంటే కింద రాయండి, వాటి మీద విడిగా ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను మరి, నమస్తే.